ఈథర్ బండిలో దీపం

నర్సింగ్ చదువుకుంటున్న అమ్మాయిలు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. "మీ సర్వీసులో మీరు ధైర్యంగా చేసిన పని ఏదైనా ఉంటే రాసివ్వండి మేడమ్, మా పత్రికలో వేసుకుంటాం" అన్నారు. లేని సరుకు అడిగితే ఎక్కడినుంచి తేను? నేను పుట్టు పిరికిదాన్ని. భుజం మీద బల్లి పడితే తలస్నానం చేసి కూడా రెండు రోజులు ఒళ్ళు తడుముకునే రకం. ఉద్యోగంలో చేరిన రోజూ భయపడ్డాను, దిగిపోయిన రోజూ భయపడ్డాను. కాబట్టి అమ్మాయిలూ, భయం గురించి రాస్తాను. దాని గురించైతే నాకు బాగా తెలుసు.

యాభైల చివర్లో సంగతి. గుంటూరులో ఒక ధర్మసంస్థ వాళ్ళు పల్లెల్లో కాన్పులు చూడటానికి ఒక వ్యాను తిప్పేవాళ్ళు. మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత బండి అది. బాడీ కట్టే షెడ్డులో దాని వెనక భాగాన్ని గదిలా కట్టించారు. అందులో ముందు సగం మా కాపురం. అటూ ఇటూ రెండు బల్లలు, వాటిమీదే పడక, వాటికిందే పెట్టెలు, మూలన నీళ్ళ డ్రమ్ము. వెనక సగం ఆస్పత్రి. ఒక ఇనపబల్ల, మందుల బీరువా, చేతులు కడుక్కునే బేసిను. రెంటికీ నడుమ ఒక కర్ర తలుపు. బయటివాళ్ళు తొంగిచూడకుండా కిటికీ అద్దాలకు తెల్లరంగు పూశారు. వారాల తరబడి ఆ బండే మా ఇల్లు. అమరావతి వైపు పల్లెల్లో మొదలుపెట్టి, ఇప్పుడు ప్రకాశం జిల్లా అంటున్నామే, ఆ సింగరాయకొండ దాకా పోయి, దారిలో వేటపాలెం జీడిగింజల షెడ్లలో గింజల జీడి తగిలి చేతులు కాలిన ఆడవాళ్ళకు మందు రాసి, మళ్ళీ గుంటూరు చేరేవాళ్ళం.

బండిలో ఉండేది ముగ్గురం. ఒకరు మా డాక్టరమ్మ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పెళ్ళి చేసుకోలేదేమని అడిగినవాళ్ళను నోరు తెరవమని పళ్ళు పరీక్ష చేసి పంపేది. రెండో మనిషి డ్రైవరన్న. నరసరావుపేట దగ్గర తురకపాలెం ఆయనది, తాతల నాటినుంచీ పత్తి వ్యాపారం చేసిన ఇల్లు. వ్యాపారం దెబ్బతిని ఈయన స్టీరింగు పట్టాడు. ఊళ్ళో అడుగు పెట్టగానే మైకు అక్కర్లేకుండా నాలుగు వీధులకూ వినపడేటట్టు "కాన్పుల బండి వచ్చిందండోయ్" అని కేక పెట్టేవాడు. మూడోదాన్ని నేను. మత్తు ఇవ్వడం నా పని.

మత్తంటే ఆ రోజుల్లో ఈథర్. క్లోరోఫారం కూడా ఉండేది కానీ, డాక్టరమ్మ చదువుకునే రోజుల్లో క్లోరోఫారం ఇచ్చిన మనిషి గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోవడం కళ్ళారా చూసిందట. ఇక జన్మలో దాన్ని ముట్టనంది. ఈథర్ మంచిది, మెల్లగా పనిచేస్తుంది, తప్పు చేస్తే దిద్దుకోవడానికి టైమిస్తుంది. దానికున్న దుర్గుణం ఒక్కటే. దాని ఆవిరి నిప్పంటే ఎగిరిపడుతుంది. కంటికి కనపడదు, గాలికంటే బరువు, నేలమీద పాకుతూ పోయి గదిలో ఏ మూలనో ఉన్న దీపానికి తగిలిందంటే ఆ మంట అదే దారిన సీసాదాకా తిరిగొస్తుంది. ట్రెయినింగులో మా సిస్టరు ఇది చెప్పిన రోజునుంచీ నేను ఈథర్ సీసా మూత తీసేముందు నాలుగు దిక్కులూ చూసుకునేదాన్ని. ఇప్పటికీ ఇంట్లో గ్యాసు వెలిగించేముందు చూసుకుంటాను. మా కోడలు నవ్వుతుంది.

అందుకని బండిలోకి దీపం ఎంచుకోవడం పెద్ద పంచాయితీ అయింది. పెట్రోమాక్సు లైటు మాటెత్తితేనే డాక్టరమ్మ కళ్ళెర్రజేసింది. లాంతరు సరేసరి. పల్లెల్లో కరెంటు ఇంకా పూర్తిగా రాలేదు, వచ్చిన ఊళ్ళో కూడా ఉందో లేదో స్తంభానికే తెలియాలి. ఇక మిగిలింది బండి బ్యాటరీ. పన్నెండు వోల్టులు. దానిమీద వెలిగే బల్బులతోనే అంతా సర్దుకోవాలి. షెడ్డులో వైరింగ్ మిస్త్రీ బస్సులకు పనిచేసిన మనిషి. బస్సు ప్రయాణికులకు నిద్ర చెడకుండా వేసే నీలిరంగు బల్బులు వరసగా బిగించి, "చూడండమ్మగారూ, కంటికెంత చల్లగా ఉన్నాయో" అని మురిసిపోయాడు.

చల్లగానే ఉన్నాయి. తలుపులేసి దీపాలు వెయ్యగానే నేను డ్రైవరన్న మొహం చూసి కెవ్వున అరిచాను. పెదాలు నల్లగా, చెవులు నీలంగా ఉన్నాయి. మత్తిచ్చేవాళ్ళు చూసుకునేదే పెదాల రంగు. ఎర్రగా ఉంటే మనిషి క్షేమం, నీలం తిరిగితే ఊపిరి అందడం లేదని లెక్క. ఆ దీపాల కింద బతికున్నవాళ్ళందరూ పోయినవాళ్ళలాగే కనిపించారు. డాక్టరమ్మ మా అందరినీ బల్లమీద కూచోబెట్టి నాలుకలు చాపమని, ఒక్కో బల్బు మార్చి మార్చి చూసింది. మిస్త్రీ కూడా చాపాడు పాపం. పాలరంగు బల్బు కింద పాలిపోయినట్టున్నాం. చివరికి రంగేమీ లేని మామూలు గాజు బల్బులే మేలని తేలింది.

కాపురం సగంలో చిన్న బల్బులు. వెనక సగంలో మాత్రం డాక్టరమ్మకు హెడ్‌లైటు బల్బు కావాలి.

"అంత బల్బు పెడితే బ్యాటరీ కూచుంటదమ్మగారూ. పొద్దున్నే స్టార్టవ్వదు. ఎడ్లను కట్టి లాగించాలి" అన్నాడు డ్రైవరన్న.

"లాగిద్దాం. చీకట్లో కుట్లు వేస్తే ఎడ్లు వచ్చి విప్పుతాయా?" అంది డాక్టరమ్మ.

ఆ వాదన అక్కడితో ముగిసింది. బల్ల తలవైపు, సరిగ్గా నేను నిలబడే చోటుకి పైన, టాపుకి కన్నం చేసి రేకు పెట్టె ఒకటి దించారు. అందులో బల్బు. కింద మందపాటి అద్దం, ఈథర్ ఆవిరి లోపలికి పోకుండా చుట్టూ గట్టిగా లప్పం. బల్బు మార్చాలంటే బండిమీదికెక్కి పైమూత మరలు విప్పాలి. స్విచ్చి కూడా లోపల వద్దంది డాక్టరమ్మ, నొక్కినప్పుడు చిటుక్కుమనే ఆ రవ్వ చాలని. అది డ్రైవరు సీటు పక్కన పెట్టించింది. ఇంత జాగ్రత్త తీసుకున్నాక నా భయం కూడా కొంత తగ్గింది. ఆమె అన్నీ ఆలోచించిందని నమ్మాను.

మీకు మా నల్లరేగడి బాటలు తెలియవు. వానకి జిగురు, ఎండకి ఇనుము. ఎండిన బండి చాళ్ళలో పోతుంటే బండిలో గ్లాసు మీద గ్లాసు నిలవదు. ఆ కుదుపులకు హెడ్‌లైటు బల్బులో తీగ పుటుక్కున తెగిపోయేది. ఊరు చేరేసరికి దీపం లేదు. మళ్ళీ కొత్తది వేస్తే మళ్ళీ తెగేది. మూడో బల్బు కూడా పోయినరోజు డాక్టరమ్మకు మండుకొచ్చింది.

"రేకుపెట్టె గలగలా కొట్టుకుంటోంది. దాని చుట్టూ మెత్తగా ఏదైనా కూరండయ్యా! పత్తి నేలలో ఉండి పత్తికి కరువా?" అంది.

నిజమే కదా అనిపించింది అందరికీ. మా వైపు పత్తి వాడని పనేముంది? దిండు కుంగితే పత్తి, ఎద్దు మెడ రాసుకుపోతే కాడికింద పత్తి, తలుపు సందులో చలిగాలి కొడితే పత్తి, చెవిపోటుకి పత్తి. ఆ ఊరి రైతు ఒకాయన గింజ తీసిన పత్తి ఒడినిండా తెచ్చి ఇచ్చాడు. డ్రైవరన్న పైకెక్కి మూత విప్పి, రేకుపెట్టె చుట్టూ, పైనా ఒత్తుగా కూరాడు. ఆరోజునుంచీ గలగల లేదు, బల్బు పోయిందీ లేదు. దిండుమీద పడుకోబెట్టాం దాన్ని అని నవ్వుకున్నాం. పత్తి వ్యాపారుల ఇంట పుట్టిన డ్రైవరన్నకి గానీ, అన్నీ ఆలోచించే డాక్టరమ్మకి గానీ, చీమ చిటుక్కుమంటే ఉలికిపడే నాకు గానీ, ఆ బల్బు ఎంత వేడెక్కుతుందో తట్టలేదు. ఏదో రెండు కుట్లు వేసేదాకా వేసి ఆర్పేసే దీపమే కదా. అలా ఒక సంవత్సరం బాగానే గడిచింది.

ఆ రోజు మేం అమరావతి వైపు ఒక పల్లెలో ఉన్నాం. మిరపకాయలు కోతకొచ్చి కల్లాలకు చేరిన కాలం. ఊరి చుట్టూ చూపు ఆనినంత మేర నేలంతా ఎరుపే. ఆడకూలీలు ముక్కుకి గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. పొద్దుటినుంచే పడమటి గాలి లేచింది. ఆ గాలికి లేచే ఘాటు అలవాటు లేనివాళ్ళు పట్టలేరు. తుమ్ములు, దగ్గు, కళ్ళలో నీళ్ళు. డాక్టరమ్మ బండి తలుపులు, కిటికీలు మూయించి సందుల్లో గుడ్డలు దోపించింది. రంగు పూసిన అద్దాలు, మూసిన తలుపులు, లోపల మిట్టమధ్యాహ్నం కూడా మసకే. అందుకని పొద్దుటినుంచీ హెడ్‌లైటు బల్బు ఆర్పలేదు. గర్భిణీలు ఒకరి తరవాత ఒకరు వస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం దాటాక ఎద్దుబండి ఒకటి పరుగున వచ్చి ఆగింది. గడ్డిమీద దుప్పటి పరిచి ఒక పిల్లని పడుకోబెట్టారు. పిల్లే, ఇరవై కూడా ఉండవు. పొద్దున ఆడబిడ్డ పుట్టిందట, మాయ పడలేదట. మంత్రసాని చేతనైంది చేసి చేతులెత్తేసింది. దుప్పటి తడిసి బండి పలకల సందులోంచి నెత్తురు కారుతోంది. మొహంలో రంగు లేదు. పక్కన అత్తగారు, ఒళ్ళో గుడ్డలో చుట్టిన పసిది. కల్లంలోంచి అలాగే లేచొచ్చినట్టుంది, మోచేతులదాకా ఎర్ర దుమ్ము. ఆమె గొంతు డాక్టరమ్మ గొంతుకి తీసిపోదు.

"ఏందమ్మా, ఈ ఇనప పెట్టెలో ఏసి నా కోడల్ని ఏం జేస్తారు? ఆ మందు వాసన జూపిస్తే మళ్ళీ లేవరంట గదా!"

"చూపించకపోతే అసలే లేవదు. అడ్డం లే పెద్దమ్మా."

"నువ్వు పూచీ పడతావా?"

"పూచీ పడటానికి నేనెవర్ని? చేతనైంది చేస్తాను. లే!"

ఆమె లేచింది. కొడుకు మాత్రం బండి చక్రం పట్టుకుని నిలబడిపోయాడు. మేం ఆ పిల్లని లోపలికి చేర్చి తలుపేశాం.

చేతిని లోపలికి పెట్టి మాయను విడదీసి తియ్యాలి. మత్తు లేకుండా చేస్తే ఆ నొప్పికే ప్రాణం పోవచ్చు. నేను తలవైపు నిలబడి, తీగ మాస్కు మీద గాజుగుడ్డ పరిచి, ముక్కూ నోరూ మూసి, బొట్టు బొట్టుగా ఈథర్ వదలడం మొదలుపెట్టాను. ఎడమచేతి వేళ్ళు ఆమె దవడ కిందికి పోనిచ్చి గడ్డం పైకి లాగి పట్టుకున్నాను. మత్తులో నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోతుంది, ఆ పట్టు ఎక్కడా వదలకూడదు. పెదాలు తెల్లగా ఉన్నాయి కానీ నీలం లేదు. ఊపిరి లోతుగా సాగుతోంది. డాక్టరమ్మ "ఊఁ" అంది, చెయ్యి లోపలికి పెట్టింది. మూసిన గదిలో ఈథర్ తియ్యటి వాసన, సందుల్లోంచి వచ్చే మిరప ఘాటు, రెండూ కలిసి ముక్కు దిమ్మెక్కిపోయింది. పక్కన ఏం కాలినా తెలిసే స్థితిలో లేదు.

అప్పుడు కిటికీ అద్దం మీద మెల్లగా తట్టిన చప్పుడు.

"అమ్మగారూ" అన్నాడు డ్రైవరన్న బయటినుంచి. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. "అమ్మగారూ, టాపుమీద పొగొస్తంది. దీపం దగ్గర."

"దీపం ఆర్పు" అంది డాక్టరమ్మ తల తిప్పకుండా.

దీపం ఆరింది. గది మసకేసింది. కానీ ఆయన మళ్ళీ అన్నాడు. "పత్తి అంటుకుందమ్మా. దీపం ఆర్పినా అది ఆరదు."

అది ఎంత మాటో మా జిల్లా వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. పత్తిలో పడ్డ నిప్పు మంట చూపించదు. అదిమి కట్టిన పత్తి బేలు లోపల రోజుల తరబడి చప్పుడు లేకుండా తింటూ కూచుంటుంది. గాలి తగిలిందా, ఒక్కసారిగా లేస్తుంది. ఆ నిప్పు ఇప్పుడు సరిగ్గా నా నెత్తిమీద ఉంది. నా చేతిలో ఈథర్ సీసా ఉంది. గది నిండా దాని ఆవిరి ఉంది.

తలెత్తి చూశాను. చూడకుండా ఉండాల్సింది. అద్దం వెనక, ఆరిపోయిన బల్బు పక్కన, ఒక చిన్న ఎర్రచుక్క కనిపించింది. పారిపోదామనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకేం సిగ్గు లేదు, మీరూ అదే అనుకునేవాళ్ళు. మా అమ్మ గుర్తొచ్చింది. పెట్టెలో మడతపెట్టిన కొత్త చీర గుర్తొచ్చింది, ఆ సమయంలో చీరెందుకు గుర్తొచ్చిందో దేవుడికెరుక.

"సీసాకి మూత బిగించు. మాస్కు తీసెయ్. రెండూ బయటికిచ్చెయ్. గడ్డం మాత్రం వదలొద్దు" అంది డాక్టరమ్మ.

"డాక్టరుగారూ, మనిషిని బయటికి తీసుకుపోదామండీ!"

"నా చెయ్యి లోపలుంది. సగం ఊడింది. ఇప్పుడు తీస్తే నెత్తురు ఆగదు, మళ్ళీ పెట్టే టైముండదు. నువ్వు పైకి చూడకు. పెదాలు చూడు."

వెనక తలుపు బయటినుంచి తెరుచుకుంది. డ్రైవరన్న సీసా, మాస్కు అందుకుని గాలికి ఎదురుగా పొలంలోకి పరిగెత్తాడు. పరిగెడుతూనే ఆయన అసలు గొంతు వినిపించింది. "చుట్టలార్పండ్రా! దూరం పోండి! బండి పేలుద్ది, పోండి!" మా వైపు మగవాళ్ళు చెట్టుకింద నలుగురు చేరితే ఆరు చుట్టలు వెలుగుతాయి. వాళ్ళంతా కకావికలై పరిగెత్తడం తలుపులోంచి కనిపించింది. చక్రం పట్టుకుని నిలబడ్డ మొగుడు కూడా కనిపించలేదు.

తలుపు తీస్తే ఈథర్ ఆవిరి కిందినుంచి బయటికి జారిపోతుంది, వెలుతురూ వస్తుంది. కానీ దాంతోపాటు కల్లాల ఘాటంతా లోపలికి కొట్టింది. మత్తులో ఉన్న మనిషి గొంతు పట్టేస్తే, డాక్టరమ్మకు దగ్గొచ్చి చెయ్యి కదిలితే, ఇక చెప్పేదేముంది?

"తడిగుడ్డ! వాకిలికి తడిగుడ్డ అడ్డం పట్టండెవరైనా!" అని అరిచింది డాక్టరమ్మ.

ఎవరున్నారు పట్టడానికి? అనుకుంటుండగానే వాకిలికి అడ్డంగా నీళ్ళోడుతున్న చీర ఒకటి లేచింది. పలచటి నేతచీర. వెలుతురు దాంట్లోంచి వస్తోంది, గాలీ వస్తోంది, దుమ్ము ఆగింది. పట్టుకున్న మనిషి కనిపించలేదు, పైన రెండు పిడికిళ్ళు మాత్రం కనిపించాయి. ఎవరా అని ఆలోచించే తీరిక లేదు నాకు.

ఇక డ్రైవరన్న అడుగులు టాపుమీద. మర విప్పుతున్న కిర్రు కిర్రు శబ్దం నా పళ్ళలోకి దిగింది. ఇనుముకి ఇనుము తగిలి రవ్వ లేస్తేనో? ఒక మర వచ్చింది. ఇంకోటి బిగుసుకుంది. ఆయన తిట్టుకోవడం వినిపిస్తోంది. నేను పెదాలు చూస్తున్నాను. నీలం తిరుగుతున్నాయా? చీరలోంచి వచ్చే వెలుతురులో ఏ రంగూ సరిగ్గా తెలియడం లేదు. కుడిచెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. అరచేతికి వెచ్చగా తగిలింది. మళ్ళీ తగిలింది. అది తగిలినంతసేపే నాకూ ఊపిరాడింది. మత్తు పలచబడుతోంది, కనురెప్పలు అదురుతున్నాయి.

పైమూత లేచింది. గాలి తగలగానే ఆ ఎర్రచుక్క పెద్దదైంది. పైకి చూడొద్దన్నా, ఆమె చెంపమీద పడ్డ ఎర్రటి వెలుగులో నాకది తెలిసింది. కళ్ళు మూసుకున్నాను. వేళ్ళు మాత్రం వదల్లేదు. వదలలేదనడం కంటే వదలడం చేతకాలేదంటే సరిగ్గా ఉంటుంది.

బుస్సుమంది. తడిపిన గోనెపట్టా పైనుంచి అదిమాడు డ్రైవరన్న. చల్లనీళ్ళకి కింద అద్దం టప్పున పగిలింది. నా ప్రాణం ఆ చప్పుడుతోనే పోయిందనుకున్నాను. అద్దం చీలికలోంచి పడింది నిప్పు కాదు, నల్లటి నీళ్ళు. ఒక బొట్టు ఆమె నుదుట, మూడు నా మణికట్టు మీద. పైనుంచి ఆయన కాలిన పత్తిని చేతులతోనే పెరికి కల్లాలకు దూరంగా తడిమట్టిలోకి విసురుతున్నాడు.

"వచ్చింది" అంది డాక్టరమ్మ.

ఏమొచ్చిందో కూడా నాకు తోచలేదు. మాయ మొత్తం, చిరగకుండా వచ్చింది. డాక్టరమ్మ ఆ పిల్ల పొట్టమీద పిడికిలితో మర్దన చేస్తూ సూదిమందు ఇచ్చింది. నెత్తురు తగ్గింది, తరవాత ఆగింది. తడిచీరను దాటుకుని ఏ కాస్త ఘాటు వచ్చిందో గానీ, ఆ పిల్ల గొంతులో గుర్రుమని, గట్టిగా దగ్గింది. అంత మంచి దగ్గు నా సర్వీసంతటిలో వినలేదు.

డాక్టరమ్మ బేసిను దగ్గరికి పోయి సబ్బు అందుకోబోతే జారింది. మళ్ళీ అందుకుంటే మళ్ళీ జారింది. అప్పుడు చూశాను, ఆమె చెయ్యి ఆకులాగా వణుకుతోంది. నేను చూడటం ఆమె చూసింది.

"ఏంటలా చూస్తావ్? నాకూ భయమే. లోపలుంది కాబట్టి ఇందాక వణకలేదు" అంది.

ఇక దీపం సంగతి. గుంటూరు చేరాక డాక్టరమ్మ ఆ రేకుపెట్టె పీకించి టాపు కన్నం మూయించింది. వెనక సగంలోకి ఒక్క వైరు కూడా రాకూడదంది. బల్ల పక్క కిటికీ అద్దానికి తెల్లరంగు గీకించి, ఆ అద్దం బయట, బండి గోడకి హెడ్‌లైటు బిగించింది. దీపం బయట, వెలుతురు లోపల. అంత తేలికైన సంగతి ముందే ఎందుకు తట్టలేదని మిస్త్రీ తల కొట్టుకున్నాడు. డ్రైవరన్న రెండు అరచేతులూ బొబ్బలెక్కి నెల రోజులు స్టీరింగు పట్టలేకపోయాడు. ఆ నెలంతా ఆయన బదులొచ్చిన డ్రైవరుకి పక్క సీట్లో కూచుని గేరు ఎప్పుడు మార్చాలో చెప్పి చెప్పి ఆ మనిషిని ఏడిపించాడు. కుదుపులకు బల్బులు మళ్ళీ మామూలుగా పోతూనే ఉండేవి. పత్తి మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది దీపం సంగతి కాదు. ఆ మధ్యాహ్నం నేను బండి దిగినప్పటి సంగతి.

మెట్టుమీద కాలు పెడితే ఎదురుగా ఆ అత్తగారు. ఒంటిమీద లంగా, రవికె. రెండు చేతులూ ఎత్తి ఆ తడిచీర ఇంకా పట్టుకునే ఉంది. దూరంగా కల్లాల అవతల ఊరంతా గుంపుగా నిలబడి ఇటే చూస్తున్నారు. ఆమె దగ్గర మనిషన్నవాడు లేడు.

"పెద్దమ్మా, అయిపోయింది. నీ కోడలు బాగుంది, చేతులు దించు" అన్నాను.

దించింది. చీర చుట్టుకోవడానికి కొంగు వెతుక్కుంటోంది.

"బండి పేలుద్దని ఆయన అరిచాడు కదా, నీకు వినపళ్ళేదా?"

"ఇనపడకేం? పసిదాన్ని మా చిన్నమ్మాయి చేతికిచ్చి దూరంగా పొమ్మన్నా."

"మరి నువ్వు?"

"గుడ్డ ఎవరు పట్టుకుంటారు?" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

అప్పుడామె నా ఎడమచెయ్యి చూసింది. దవడ కింద ఎలా పట్టానో ఆ వేళ్ళు అలాగే కొంకర్లుపోయి ఉన్నాయి. విప్పుదామంటే రావడం లేదు. ఆమె నా చెయ్యి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుని మెట్టుమీద కూలబడింది. ఒక్కో వేలూ పట్టి సాగదీసి, మొదలునుంచి కొసదాకా రుద్దింది. చూపుడువేలు, నడిమివేలు, తరవాతది. చిన్నప్పుడు మా అమ్మ కూడా అంత శ్రద్ధగా నా చెయ్యి పట్టుకున్నట్టు గుర్తులేదు. "ఇంత బిగించి పట్టుకున్నావా నా పిల్లని" అని గొణుక్కుంది. ఆమె నా పిల్ల అన్నది పుట్టిన పసిదాన్ని కాదు.

వేళ్ళన్నీ వచ్చాక, కళ్ళకి చెమట అడ్డం పడుతుంటే అదే చేత్తో తుడుచుకున్నాను. ఆమె చేతుల మిరపకారమంతా నా వేళ్ళమీద ఉందని అప్పుడు తెలిసింది. కళ్ళు భగ్గుమన్నాయి. మెట్టుమీద కూచుని బొటబొటా కార్చేశాను, ముక్కు చీదాను, వెక్కిళ్ళు కూడా వచ్చాయి. డాక్టరమ్మ తలుపులోంచి తొంగిచూసి, నా జీవితంలో మొదటిసారి మెత్తటి గొంతుతో అడిగింది.

"ఏడుస్తున్నావా?"

"లేదండీ. మిరపకారం" అన్నాను.

అందులో సగం అబద్ధం.